మూలకణ చికిత్స: సంఘ కాపరి అడగవలసిన మూడు ప్రశ్నలు

ఉపోద్ఘాతం

‘స్టెమ్ సెల్’ అనే మాట ఇప్పుడు పల్లె సంఘాల్లో కూడా వినిపిస్తున్నది. బిడ్డకు ఆటిజం ఉన్నదని, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయించమంటున్నారని, అందుకు పొలం అమ్మవచ్చునా అని విశ్వాసులు కాపరిని అడుగుతారు. మరికొందరు, ‘అది పిండాలను నాశనం చేసి చేసే వైద్యమట గదా, పాపం కాదా?’ అంటారు. ఈ రెంటికీ ఒకే జవాబు సరిపోదు. ఎందుకనగా ఈ ఒక్క మాట క్రింద వేర్వేరు సంగతులు ఉన్నాయి. వాటిని విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. దీనికి హైదరాబాదులో జరిగిన ఒక కృషిని ఉదాహరణగా తీసుకుందాం.

మూలకణం అనగా ఏమి?

మన చర్మం, రక్తం, కంటి పైపొర నిత్యం అరిగిపోతూ, మరల ఏర్పడుతూ ఉంటాయి. రైతు పంటలో కొంత విత్తనానికి దాచినట్లు, శరీరం కొన్ని కణాలను నిలవ ఉంచుకుంటుంది. అవి విభజన చెంది, తమవంటి కణాలనూ, పనిచేసే కణాలనూ పుట్టిస్తాయి. ఇవే మూలకణాలు. ఈ విభజనకు ఒక అదుపు ఉన్నది. అదుపు తప్పిన విభజనే క్యాన్సర్. కాబట్టి ఎంతో మేలు చేయగల ఈ కణాలతోనే ఎంతో జాగ్రత్త కూడా అవసరం.

ఇవి ముఖ్యంగా మూడు విధాలు. మొదటివి, పుట్టిన తరువాత మన శరీరంలో ఉండేవి. రక్త క్యాన్సర్‌కు చేసే ఎముక మజ్జ మార్పిడి వీటితోనే జరుగుతుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఆ చికిత్స 1986లోనే మొదలైంది. రెండవవి, కొద్ది రోజుల పిండం నుండి తీసేవి. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండ మూలకణాలను మొదట వేరుచేసి పెంచింది. నైతిక వివాదం ప్రధానంగా వీటి గురించే, ఎందుకనగా సాధారణంగా ఈ పద్ధతిలో పిండం నశిస్తుంది. మూడవవి, మామూలు కణాలను వెనుకకు మళ్ళించి చేసినవి. 2006లో జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాక ఎలుక కణాలతోనూ, మరుసటి ఏడు మానవ కణాలతోనూ దీన్ని సాధించారు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. రెండవ, మూడవ రకాల కణాలను సరిగా మార్చకుండా శరీరంలో ప్రవేశపెడితే గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉన్నది.

సున్నం కాల్చిన కన్ను

మన పల్నాడులో పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. తాంబూలానికో, పొగాకుకో వాడే సున్నం అనేక ఇళ్ళలో ఉంటుంది. సున్నం కంటిలో పడితే లోతుకు దిగి కాలుస్తుంది. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్యనున్న సన్నని అంచును లింబస్ అంటారు. కార్నియా పైపొరను నిత్యం పునరుద్ధరించే మూలకణాలు అక్కడే ఉంటాయి. అవి చనిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి ప్రాకి, చూపును మూసివేస్తుంది. అప్పుడు నేత్రదానంగా వచ్చిన కార్నియా ఒక్కటే అమర్చినా నిలువదు, ఎందుకనగా దాని పైపొరను పోషించే విత్తనం అక్కడ లేదు.

1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని బృందం ఈ కణాలను ప్రయోగశాలలో పెంచి కంటికి అమర్చింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో శస్త్రవైద్యుడు డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, పేథాలజిస్టు డాక్టర్ గీతా వేముగంటి తదితరులు 2001 నుండి ఈ చికిత్స చేశారు. రోగి యొక్క ఆరోగ్యవంతమైన రెండవ కంటి నుండి చిన్న ముక్క తీసి, ప్రసవానంతరం దానంగా లభించిన మాయ నుండి తీసిన పలుచని పొరపై సుమారు రెండు వారాలు పెంచేవారు. ఇతర దేశాల పద్ధతిలో ఎలుక కణాలను ఆసరాగా వాడేవారు. జంతు కణాల ద్వారా వైరస్‌లు సంక్రమించవచ్చుననే భయం ఉన్నందున ఇక్కడ వాటిని విడిచి, రోగి రక్తపు సీరమునే వాడారు.

2011లో ప్రచురించిన పదేళ్ళ ఫలితాలలో, 200 మందిలో 142 మందికి కార్నియా పైపొర నిలకడగా ఉన్నది. అనగా అందరికీ ఫలించలేదు. దానిని దాచకుండా చెప్పడమే నిజమైన పరిశోధన గుర్తు. 2012లో వీరు ఇంకొక సులువైన పద్ధతిని ప్రకటించారు. తీసిన ముక్కను చిన్న తునకలుగా చేసి నేరుగా కంటి మీదనే అతికిస్తారు, ప్రయోగశాల అవసరం లేదు. రెండు కళ్ళూ చెడినవారికి మాత్రం ఇతరుల కణాలను అమర్చవచ్చు. అలా అమర్చినప్పుడు శరీరం వాటిని తిరస్కరించకుండా మందులు వాడవలసి ఉంటుంది.

మూడు ప్రశ్నలు

ఒకటి, కణం ఎక్కడిది? రోగి సొంత కంటి కణమైతే ఏ పిండానికీ హాని లేదు. తల్లి గర్భంలో ప్రాణాన్ని రూపించేవాడు దేవుడని నమ్మే మనకు పిండ కణాల విషయంలో అభ్యంతరం ఉండవచ్చు. అయితే దానిని ఈ చికిత్సకు అంటగట్టడం అన్యాయం.

రెండు, ఈ వ్యాధికి ఇది నిరూపణ అయినదా? కంటికి పనిచేసింది గనుక పక్షవాతానికీ, ఆటిజానికీ పనిచేస్తుందనలేము. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఎముక మజ్జ మార్పిడి వంటి నిరూపిత చికిత్సలు తప్ప, మూలకణాల వాడుక అనుమతి పొందిన పరిశోధనలోనే జరగాలి.

మూడు, డబ్బు ఎవరు తీసుకుంటున్నారు? పరిశోధన అంటూనే రోగి నుండి లక్షలు అడిగితే అనుమానించాలి. ఆ అనుమతి పత్రం చూపమని అడగడం అవిశ్వాసం కాదు, వివేచన. పొలం అమ్మకముందే ఈ మాట చెప్పే బాధ్యత కాపరిది. అద్భుతం పేరు మీద మోసం ప్రార్థనా కూటంలో జరిగినా, వైద్యశాలలో జరిగినా మోసమే.

ముగింపు

మూలకణాలను పెంచడం శాస్త్రజ్ఞుల పని. ఉన్నవాటిని కాపాడటం మనందరి పని. కంటిలో సున్నం పడితే నూనె, పాలు, పసర్లు పోయకూడదు. పైకి కనబడే పలుకులను వెంటనే తుడిచివేసి, రెప్పలు విప్పి, శుభ్రమైన నీటితో కనీసం అరగంట ఆగకుండా కడగాలి. తరువాత ఆలస్యం చేయక కంటి వైద్యుని యొద్దకు తీసుకొని వెళ్ళాలి. ఈ నాలుగు మాటలు ఆదివారపు ప్రకటనలలో చేర్చితే, ఒక బిడ్డ చూపు నిలువవచ్చు.