గాయానికి రుజువు చూపించమంటే

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని అమెరికన్ కాన్సులేట్‌. సారా వుల్ఫ్ అనే జర్మన్ మాజీ సైనికురాలు వీసా పని మీద అక్కడికి వస్తుంది. అమెరికా వెళ్లి ఉద్యోగంలో చేరి, పాత జీవితాన్ని వదిలేసి కొత్తగా మొదలుపెట్టాలన్నది ఆమె ఆశ. వెంట చిన్న కొడుకు జోష్. పిల్లల కోసం పెట్టిన ఆటల గదిలో వాణ్ని వదిలి పని చూసుకుని తిరిగొచ్చేసరికి పిల్లాడు కనిపించడు. కంగారుగా వెతికి, సెక్యూరిటీ వాళ్లను నిలదీస్తుంది. వాళ్లు సీసీ కెమెరా రికార్డింగు తీసి చూపిస్తారు. అందులో సారా ఒక్కతే లోపలికి వస్తుంది. పక్కన ఎవరూ లేరు.

2025 ఏప్రిల్ 30న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన జర్మన్ థ్రిల్లర్ ‘ఎక్స్‌టెరిటోరియల్’ ఇలా మొదలవుతుంది. రచన, దర్శకత్వం క్రిస్టియాన్ త్స్యూబర్ట్. సారాగా నటించింది జాన్ గూర్సో. ‘బార్బేరియన్స్’ సిరీస్‌లో తుస్నెల్డాగా ఆమెను చాలామంది చూసే ఉంటారు. కాన్సులేట్ భద్రతాధికారి ఎరిక్ కించ్ పాత్ర స్కాటిష్ నటుడు డగ్రే స్కాట్‌ది. కొంత జర్మన్‌లో, కొంత ఇంగ్లీషులో నడిచే ఈ సినిమా విడుదలైన వారాల్లో నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషేతర చిత్రాల జాబితాలో ప్రపంచవ్యాప్తంగా మొదటి స్థానానికి వెళ్లింది. ఫైట్లకు, పరుగులకు కొదవ లేదు. అయినా సినిమా చూశాక మనసులో మిగిలేది ఆ ఫైట్లు కావు.

సారా అఫ్ఘానిస్థాన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడ ఆమె దళం మాటుదాడిలో తుడిచిపెట్టుకుపోయింది. జోష్ తండ్రి కూడా ఆ యుద్ధానికే బలయ్యాడు. బతికి వచ్చిన సారాకు మిగిలింది పీటీఎస్‌డీ, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. భయంకర అనుభవం ముగిసి ఏళ్లు గడిచినా మనసును వదలని జబ్బు. కాన్సులేట్ వాళ్ల చేతికి దొరికిన ఆయుధం అదే. ‘ఈవిడకు మానసిక సమస్య ఉంది, లేని పిల్లాణ్ని ఉన్నాడనుకుంటోంది’ అని ఒక్క మాట అనేస్తే చాలు, ఇక ఆమె ఏం చెప్పినా ఎవరూ వినక్కర్లేదు. కథ ముందుకు పోయేకొద్దీ పన్నాగం అసలు లోతు బయటపడుతుంది. కొడుకు ప్రాణాన్ని అడ్డం పెట్టి ఆమెను ఉగ్రవాద చర్యలోకి దించాలనీ, ఆ నేరాన్ని ఆమె జబ్బు మీదకు నెట్టెయ్యాలనీ పథకం. యుద్ధం నుంచి వచ్చిన మనిషి మతి తప్పి ఘోరానికి తెగబడిందంటే లోకం ఇట్టే నమ్మేస్తుందన్న ధీమా మీదే ఆ పథకమంతా నడుస్తుంది. ముగింపు ఇక్కడ చెప్పేస్తే చూడబోయేవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది.

మనిషి మాయమవడం, అసలు ఆ మనిషే లేడని చుట్టూ ఉన్నవాళ్లు వాదించడం సినిమాకు కొత్త కాదు. హిచ్‌కాక్ 1938లోనే ‘ది లేడీ వానిషెస్’లో కదులుతున్న రైల్లోంచి ఒక పెద్దావిణ్ని మాయం చేశాడు. 1965లో వచ్చిన ‘బన్నీ లేక్ ఈజ్ మిస్సింగ్’లో తల్లి తన కూతురు నిజంగా ఉందని పోలీసులను నమ్మించలేక అల్లాడుతుంది. 2005 నాటి ‘ఫ్లైట్‌ప్లాన్’లో జోడీ ఫాస్టర్ కూతురు బెర్లిన్ నుంచి బయల్దేరిన విమానంలో కనిపించకుండా పోతుంది. దానికి దర్శకుడూ జర్మనే, రాబర్ట్ ష్వెంట్కే. త్స్యూబర్ట్ ఈ పాత దారిలోనే నడిచాడు గానీ, అందులోకి తన దేశం ఇరవయ్యేళ్లు మోసిన ఒక యుద్ధాన్ని తెచ్చాడు.

జర్మన్ సైన్యం 2002 జనవరిలో కాబూల్‌లో అడుగుపెట్టింది. చివరి దళాలు 2021 జూన్ నెలాఖరున వెనక్కి వచ్చాయి. ఈ మధ్యకాలంలో సుమారు 93,000 మంది జర్మన్ సైనికులు అక్కడ పనిచేశారు. 59 మంది చనిపోయారు. వారిలో 35 మంది దాడుల్లోనో పోరులోనో నేలకొరిగినవారు.

ఆ అంకెల వెనక ఉన్న రోజుల్లో రెండింటిని దగ్గరగా చూద్దాం. 2003 జూన్ 7న విధులు ముగించుకున్న సైనికులు కాబూల్‌లో బస్సెక్కి విమానాశ్రయానికి బయల్దేరారు. ఇంటికి వెళ్లే ప్రయాణం అది. దారిలో పేలుడు పదార్థాలు నింపిన టాక్సీ ఒకటి బస్సు పక్కకు వచ్చి పేలింది. నలుగురు చనిపోయారు, 29 మంది గాయపడ్డారు. రెండోది 2010 ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. కుందూజ్ దగ్గర ఇసా ఖేల్ గ్రామంలో జర్మన్ పారాట్రూపర్లు తాలిబన్ల మాటుదాడిలో చిక్కుకున్నారు. గంటల తరబడి సాగిన ఆ పోరులో ముగ్గురు చనిపోయారు. కాల్పుల మధ్యే దిగి క్షతగాత్రులను ఎత్తుకెళ్లింది అమెరికన్ హెలికాప్టర్ సిబ్బంది. వారిలో 14 మందికి తర్వాత జర్మనీ తన సైనిక గౌరవ పతకాన్ని బంగారు శ్రేణిలో ఇచ్చింది. అదే సాయంత్రం జర్మన్లు పొరపాటున తమ పక్షాన ఉన్న ఆరుగురు అఫ్ఘాన్ సైనికులను కాల్చి చంపారు. ఒక్క రోజులోనే శత్రువు చేతిలో పోయినవాళ్లూ, తమ చేతిలో పోయినవాళ్లూ ఉన్న జ్ఞాపకాన్ని మోసుకుని ఆ కుర్రవాళ్లు ఇంటికి వచ్చారు.

అయితే జర్మనీలో ప్రభుత్వం దాన్ని చాలాకాలం యుద్ధమని ఒప్పుకోలేదు. పునర్నిర్మాణం, స్థిరీకరణ అంటూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధపు పాపభారం మోస్తున్న సమాజం సైనిక దుస్తుల్లో ఉన్న మనిషిని చూసి గర్వపడటానికీ జంకింది, సానుభూతి చూపడానికీ జంకింది. ఊళ్లో జనానికి అది పట్టని విషయం. అలాంటి చోటికి తిరిగొచ్చిన సైనికుడు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలి?

అసలు ఈ జబ్బులో జరిగేదేమిటి? ప్రాణభయం కలిగినప్పుడు మెదడు ఒంటిని ఒక్కసారిగా పోరాటానికి సిద్ధం చేస్తుంది. గుండె దడ పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, చిన్న అలికిడి కూడా పెద్దగా వినిపిస్తుంది. ప్రమాదం పోయాక ఇదంతా సద్దుమణగాలి. పీటీఎస్‌డీలో సద్దుమణగదు. కాలిన డీజిల్ వాసన, దభాలున మూసుకున్న తలుపు, రోడ్డు పక్కన పడేసిన ప్లాస్టిక్ సంచి, ఏదో ఒకటి చాలు ఆ క్షణాన్ని మళ్లీ కళ్లముందుకు తేవడానికి. జరిగిపోయింది గుర్తొచ్చినట్టు కాదు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. ఆ బాధ తప్పించుకోవడానికి మనిషి జనంలోకి వెళ్లడం మానేస్తాడు, నిద్రకు దూరమవుతాడు, ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడతాడు. అమెరికన్ మానసిక వైద్యులు ఈ పేరును తమ అధికారిక జబ్బుల జాబితాలో చేర్చింది 1980లో, వియత్నాం నుంచి వచ్చినవాళ్లను చూశాక.

అఫ్ఘానిస్థాన్ నుంచి వచ్చిన జర్మన్ సైనికుల మీద డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హాన్స్ ఉల్రిష్ విట్షెన్ బృందం పెద్ద అధ్యయనం చేసింది. అక్కడ పనిచేసినవారిలో ఏడాది కాలంలో నూటికి దాదాపు ముగ్గురికి పీటీఎస్‌డీ ఉన్నట్టు తేలింది. విదేశీ విధులకు వెళ్లని సైనికులతో పోలిస్తే ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. వాటన్నిటికన్నా కలవరపెట్టిన అంశం, జబ్బుపడ్డవారిలో దాదాపు సగం మందికి రోగనిర్ధారణ గానీ చికిత్స గానీ లేకపోవడం. చెబితే పిరికివాడంటారని భయం, పదోన్నతి పోతుందని భయం.

ధైర్యం చేసి చెప్పినవారికి మరో గోడ ఎదురైంది. ఈ బాధ యుద్ధంవల్లే వచ్చిందని రుజువు చెయ్యమన్నారు. కాలు పోతే కంటికి కనిపిస్తుంది. నిద్ర కరువైతే ఏం చూపించాలి? చిన్నప్పటి ఏ కష్టమో దీనికి కారణం కావచ్చు కదా అని అధికారి అడిగితే ఏ కాగితం తెచ్చి ఇవ్వాలి? జర్మనీ కొంత ఆలస్యంగానైనా మారింది. గాయపడ్డ సైనికులు కొలువు కోల్పోకుండా చూసే చట్టం 2007లో వచ్చింది. బెర్లిన్‌లోని సైనిక ఆసుపత్రిలో మనోగాయాల కోసం ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. 2012లో వచ్చిన నిబంధనతో, పోరు ప్రాంతంలో పనిచేసి వచ్చినవారికి నిర్ణీత కాలంలో ఇలాంటి జబ్బు వస్తే, కొన్ని షరతులకు లోబడి, అది ఆ విధులవల్లే వచ్చిందని భావించి ముందుకు సాగే వీలు కలిగింది. త్స్యూబర్ట్ సినిమాలో సారా పోరాటమూ రుజువు కోసమే. కళ్లెదుట లేని పిల్లాడు ఉన్నాడని ఆమె రుజువు చెయ్యాలి, చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆమె సొంత జ్ఞాపకం. ఆ జ్ఞాపకమే చెల్లదని ఎదుటివాళ్లు తీర్పిచ్చేశారు.

సినిమాలో ఆమెకు సాయం రావాల్సిన జర్మన్ పోలీసులు కాన్సులేట్ లోపల ఏమీ చెయ్యలేకపోతారు. కాన్సులేట్ అంటే పరాయి గడ్డ అని మనలోనూ చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం కాన్సులేట్ ఉన్న నేల ఆతిథ్య దేశానిదే, అక్కడి చట్టాలను కాన్సులేట్ వాళ్లు గౌరవించాల్సిందే. ఆ కార్యాలయంగా వాడే భాగంలోకి వాళ్ల అనుమతి లేకుండా స్థానిక పోలీసులు వెళ్లకూడదు, అంతవరకే రక్షణ. అగ్నిప్రమాదంలాంటివి జరిగితే అనుమతి ఉన్నట్టే లెక్క. హైదరాబాద్‌లో 2008 నుంచి పైగా ప్యాలెస్‌లో ఉండి, 2023లో నానక్‌రామ్‌గూడకు మారిన అమెరికన్ కాన్సులేట్‌లో వీసా క్యూలో నిలబడే మనవాళ్లు కూడా భారత గడ్డ మీదే ఉన్నట్టు. కానీ ఈ రక్షణను దుర్వినియోగం చేస్తే ఏమవుతుందో 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్‌లో లోకం చూసింది. పెళ్లి కాగితాల కోసం సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్లిన పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ మళ్లీ బయటికి రాలేదు. టర్కీ పోలీసులు లోపల సోదా చెయ్యడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.

యుద్ధం నుంచి వచ్చినవాడి చేత ఘాతుకం చేయించే కథలు తెర మీద చాలానే ఉన్నాయి. 1962 నాటి ‘ది మంచూరియన్ క్యాండిడేట్’లో కొరియా యుద్ధఖైదీని హంతకుడిగా మలిచి ఇంటికి పంపుతారు. 2011లో మొదలైన ‘హోమ్‌ల్యాండ్’లో చెర నుంచి విడుదలైన మెరైన్ సైనికుడు ఒంటికి బాంబు కట్టుకుంటాడు. 2018లో బీబీసీ ప్రసారం చేసిన ‘బాడీగార్డ్’లో అఫ్ఘానిస్థాన్‌లో పనిచేసి వచ్చిన పోలీసు అధికారికి కుట్రదారులు బాంబు కోటు తొడిగేస్తారు. ఉత్కంఠకు ఇవి బాగా పనికొస్తాయి. కానీ ఈ కథలు పదే పదే చూసిన ప్రేక్షకుడికి పీటీఎస్‌డీ అనగానే ‘ఎప్పుడు ఏం చేస్తాడో’ అన్న అనుమానం కలిగితే, అది ఆ జబ్బుపడ్డవారికి జరిగే అన్యాయం. వారిలో అత్యధికులు ఇతరులకు హాని చెయ్యరు. కుమిలిపోయేది తమలో తామే.

జర్మన్ సినిమాకు ఈ విషయంలో మంచి వారసత్వం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశంలో తయారైన తొలి కథాచిత్రమే యుద్ధం నుంచి వచ్చి కోలుకోలేని మనిషి గురించి. 1946లో వోల్ఫ్‌గాంగ్ ష్టౌటే తీసిన ‘డీ మోర్డర్ జిండ్ ఉంటర్ ఉన్స్’లో సైనిక వైద్యుడు మెర్టెన్స్ బెర్లిన్ శిథిలాల మధ్య తాగుతూ తిరుగుతాడు. ఆ శిథిలాలు సెట్టింగులు కావు, నిజమైనవి. అఫ్ఘానిస్థాన్ తరానికి ఈ వరసలో 2008లో బ్రిగిట్టె బెర్టేలె ‘నాఖ్ట్ ఫోర్ ఔగెన్’ తీసింది. 2014లో ఫియో అలాడాగ్ అఫ్ఘానిస్థాన్‌కే వెళ్లి ‘త్స్విషెన్ వెల్టెన్’ చిత్రీకరించింది. వాటిని చూసింది కొద్దిమందే. త్స్యూబర్ట్ సినిమాకు వాటి లోతు లేదు, కొన్ని మలుపులు నమ్మశక్యంగానూ ఉండవు. కానీ ఆ గాయాన్ని లక్షలాది ఇళ్లలోకి తీసుకెళ్లిన ఘనత దానిదే. పైగా అది ఒక మంచి పని చేసింది. సారాకు జబ్బు ఉంది. సారా చెప్పేదీ నిజమే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని చూపించింది.

సినిమా వచ్చిన ఆరు వారాలకు, 2025 జూన్ 15న జర్మనీ మొట్టమొదటి జాతీయ వెటరన్స్ డే జరుపుకుంది. ఆ ఏడాదే లిథువేనియాలో జర్మన్ బ్రిగేడ్ ఒకటి లాంఛనంగా ఏర్పడింది. దాదాపు 5,000 మందిని అక్కడ శాశ్వతంగా ఉంచాలన్నది లక్ష్యం. కొత్తగా చేర్చుకునేవాళ్లకు తుపాకులు, ట్యాంకులు ఎన్ని కొనాలో పార్లమెంటు లెక్కలు వేస్తోంది. రేపు వాళ్లలో ఎవరైనా నిద్రపట్టడం లేదని చెబితే నమ్మి చికిత్స చేసే వైద్యులనూ ఆ లెక్కలోనే కలపాలి, యుద్ధం ముగిశాక పదేళ్లకు కాదు.