న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్: వృత్తిజీవితం, భిన్నాభిప్రాయ దృక్పథం

1. ఉపోద్ఘాతం:

మచిలీపట్నానికి చేరువలోని మొవ్వ మండలం క్షేత్రయ్య పదాల వలన, కూచిపూడి నాట్యం వలన సాహిత్య, కళారంగాలకు సుపరిచితం. ఆ మండలంలోని పెదముత్తేవిలో 1953 జూన్ 23న జన్మించిన జాస్తి చలమేశ్వర్, భారత సర్వోన్నత న్యాయస్థానంలో ప్రధాన న్యాయమూర్తి తరువాత అత్యంత సీనియర్ స్థానానికి చేరుకున్నారు. నిర్ణయాధికారం గలవారు తమ నిర్ణయాలకు కారణాలు కూడా చూపాలన్న భావన ఆయన వృత్తిజీవితంలో ఎలా వ్యక్తమైందో, దాని పరిమితి ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విద్య - వృత్తి:

ఆయన పాఠశాల విద్య మచిలీపట్నం హిందూ హైస్కూలులో సాగింది. మద్రాసు లయోలా కళాశాలలో భౌతికశాస్త్రంలోను, 1976లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి న్యాయశాస్త్రంలోను పట్టాలు పొందారు. 1995లో అదనపు అడ్వకేట్ జనరల్‌గా, 1997లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదనపు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. 2007లో గౌహతి, 2010లో కేరళ హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2011 అక్టోబరు 10న సర్వోన్నత న్యాయస్థానంలో ప్రవేశించారు.

3. నియామకాలు - పారదర్శకత:

న్యాయమూర్తులను సీనియర్ న్యాయమూర్తులే ఎంపిక చేసే కొలీజియం విధానం 1993 నాటి తీర్పుతో ఏర్పడింది. దాని స్థానంలో జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను నెలకొల్పిన 99వ రాజ్యాంగ సవరణను 2015 అక్టోబరు 16న ధర్మాసనం 4-1 ఆధిక్యంతో కొట్టివేసింది. ఆ ఒక్క భిన్నాభిప్రాయం చలమేశ్వర్‌ది. కొలీజియం వ్యవహారాలు ప్రజలకే కాక, తోటి న్యాయమూర్తులకు కూడా అందుబాటులో లేవని ఆయన ఆక్షేపించారు. 2016లో తాను సభ్యుడై ఉండి కూడా, అభిప్రాయాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలని కోరుతూ సమావేశాలకు దూరంగా ఉన్నారు. 2017 అక్టోబరులో కొలీజియం తన తీర్మానాలను వెబ్‌సైటులో ప్రకటించడం ప్రారంభించింది. ఆ మార్పును ఒక్కరికే ఆపాదించలేకపోయినా, ఆయన లేవనెత్తిన ప్రశ్నను దాని నుండి వేరు చేసి చూడలేము.

4. హక్కులు - శాసనాధికారం:

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పిన తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఆయన ఒకరు. ప్రత్యేకంగా అభిప్రాయం రాశారు. ఎన్నికల అభ్యర్థులు తమ ఆదాయ మార్గాలను కూడా వెల్లడించాలని 2018లో ఆయన నేతృత్వంలోని ధర్మాసనం నిర్దేశించింది. అయితే 2015 డిసెంబరులో, పంచాయతీ అభ్యర్థులకు కనీస విద్యార్హతలు విధించిన హర్యానా చట్టాన్ని ఆయన సమర్థించారు. చదువుకు నోచుకోనివారిని పోటీకి దూరం చేసిందన్న విమర్శ ఆ తీర్పుకు ఎదురైంది. పైకి ఇది వైరుధ్యంగా తోచినా, చట్టసభల నిర్ణయాన్ని న్యాయస్థానం తేలికగా తోసిపుచ్చరాదన్న వైఖరి నియామకాల కేసులోను, ఈ కేసులోను సమానమే.

5. ముగింపు:

2018 జనవరి 12న మరి ముగ్గురు న్యాయమూర్తులతో కలిసి ఆయన తన నివాసంలో పత్రికా సమావేశం నిర్వహించారు. కేసుల కేటాయింపు తీరును ప్రశ్నించిన ఆ చర్యను సంస్థాగత మర్యాదకు భంగమని కొందరు, బాధ్యత అని మరికొందరు భావించారు. అదే ఏడాది జూన్ 22న పదవీ విరమణ చేశారు. న్యాయవ్యవస్థ స్వతంత్రతకు గోప్యత రక్షణా, పారదర్శకత రక్షణా అన్నది ఆయన వృత్తిజీవితం మిగిల్చిన ప్రశ్న. ఓడిన అభిప్రాయాన్ని సైతం తీర్పులో భాగంగా చదివినప్పుడే ఆ ప్రశ్నకు తగిన సమాధానం వెదకగలం.