బల్ల కింద అడవి

పాత టేకు బల్లను ఫామ్‌హౌస్ తరహాలోకి మార్చుకోవడం నగరాల్లో ఓ ముచ్చట. ఆ కలపకూ, దాని మీది మెరుపుకూ గోదావరి అవతలి అడవుల్లో మరో కథ ఉంది.

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో పాత ఇనుము, పగిలిన అద్దాలు, మూలబడ్డ మిక్సీల మధ్య అప్పుడప్పుడూ ఓ టేకు బల్ల కనిపిస్తుంది. పైన సిరా మరకలు. టీ గ్లాసులు పెట్టిన చోట తెల్లటి వలయాలు. ఒక కాలు కాస్త ఊగుతుంటుంది. ఏ ఆఫీసులోనో దశాబ్దాల పాటు ఫైళ్లు మోసి, చివరకు వేలంలో బయటపడిన సరుకు. బేరం తెలిసినవాళ్లు దాన్ని ఆటోట్రాలీలో ఇంటికి చేరుస్తారు. రెండు మూడు ఆదివారాలు గడిచేసరికి అదే బల్ల భోజనాల గదిలో మరో అవతారంలో నిలబడుతుంది. పైన రంగు వేయని టేకు చెక్క, కింద తెల్లటి కాళ్లు. ఫామ్‌హౌస్ టేబుల్ అంటే ఇదే.

ఈ తరహా మనది కాదు. యూరప్, అమెరికా రైతుల వంటిళ్లలో పుట్టింది. దొరికిన కలపను మందపాటి పలకలుగా కోసి పైన పరిచేవారు. కింది చౌక కర్ర కనిపించకుండా రంగు పూసేవారు. కూరగాయలు తరిగినా, పిల్లలు చదువుకున్నా ఆ బల్ల మీదే. 2013లో అమెరికా టీవీలో మొదలైన ‘ఫిక్సర్ అప్పర్’ కార్యక్రమం పాత ఇళ్ల మరమ్మతుతో పాటు ఈ తరహాను కూడా బాగా ప్రచారంలోకి తెచ్చింది. పీటల మీద కూర్చుని భోంచేసిన తెలుగు ఇళ్లకు పెద్ద భోజనాల బల్ల అలవాటే ఆలస్యంగా వచ్చింది. కాకపోతే ఇక్కడ ఓ సౌలభ్యం ఉంది. అక్కడ పైన్ కర్రతో చేసే బల్ల, ఇక్కడ పాత సామాన్ల అంగట్లో టేకులో దొరుకుతుంది.

గోకే ముందు చూడాలి

బల్ల ఇంటికి రాగానే గరుకు కాగితం అందుకోవడం చాలామంది చేసే పొరపాటు. ముందు దాన్ని తిరగేసి చూడాలి. పై చెక్క మీది చారలు అంచు దాటి పక్కకూ కొనసాగితే అది నిండు కర్ర. అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి టేకు పొర కావచ్చు. నాలుగు రుద్దులకే అది లేచిపోతుంది. చేవ ఉన్న టేకు బంగారు ఛాయ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. చెట్టు బయటి పొర నుంచి వచ్చిన కర్ర పాలిపోయి కనిపిస్తుంది. చెద పట్టేది ఎక్కువగా దానికే. సన్నటి రంధ్రాల నుంచి తాజాగా పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉందని అర్థం. దాని సంగతి తేల్చాకే మిగతా పని.

తర్వాత పాలిష్ పరీక్ష. కనిపించని మూలలో స్పిరిట్ తడిపిన గుడ్డతో కాసేపు రుద్దాలి. పూత జిగురుగా మారి గుడ్డకు అంటుకుంటే అది లక్క పాలిష్. కదలకపోతే వార్నిష్ లేదా ఆ తర్వాత వచ్చిన రసాయన పూత. టీ గ్లాసుల తెల్లటి వలయాలు కూడా లక్కకు ఓ ఆనవాలే. వేడికీ తేమకూ అది త్వరగా లొంగిపోతుంది.

బల్లకు పాత రంగు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో చూపుకు తెలియదు. దాన్ని పొడిగా గీకితే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు తొలగించే ద్రావకంతో తడిగా ఉండగానే తీయాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి, ముక్కుకు మాస్కు ఉండాలి.

ఊగే కాలికి మేకు కొట్టడం తేలికైన పని, చెడ్డ పని కూడా. పాత వడ్రంగులు చాలా చోట్ల మేకు లేకుండా ఒక ముక్కను మరో ముక్కలో దూర్చి బిగించారు. అతుకు విప్పి, ఎండిన బంక గీకేసి, కొత్త బంక పెట్టి రాత్రంతా బిగించి ఉంచితే ఆ కాలు మరో తరం నిలబడుతుంది. అయితే టేకులో సహజంగానే నూనె ఉంటుంది. బంక పెట్టే ముందు అసిటోన్‌తో తుడవకపోతే పట్టు సరిగా దొరకదు. గరుకు కాగితం 80తో మొదలుపెట్టి 120, తర్వాత 180 వాడాలి. రుద్దడం ఎప్పుడూ చార వెంటే. అడ్డంగా రుద్దితే పడే గీతలు పాలిష్ పెట్టాకే బయటపడతాయి.

పాశ్చాత్య నమూనా చూసి పలకల చివర అడ్డపట్టీ బిగించేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు. ఆ ఎండకు కుంచించుకుపోయిన కర్ర శ్రావణ వానలకు మళ్లీ ఉబ్బుతుంది, అదీ వెడల్పులో. పట్టీని గట్టిగా బంకతో అతికిస్తే పలక చీలుతుంది. స్క్రూలకు కోలగా రంధ్రాలు చేసి కర్ర కదిలేందుకు చోటివ్వాలి.

కాళ్లకు తెల్ల రంగు నేరుగా వేస్తే టేకులోని నూనె, రంగు పదార్థాలు కొన్నాళ్లకు పసుపు మరకలై పైకి తేలుతాయి. వాటిని ఆపడానికి ముందు మైనం తీసిన లక్కను స్పిరిట్‌లో కలిపి ఒక పూత వేస్తారు. భోజనాల బల్ల పైభాగానికి మాత్రం లక్క పనికిరాదు. పొయ్యి మీంచి దించిన గిన్నెను అది తట్టుకోలేదు. అక్కడ అవిసె నూనె లాంటి ఆరే నూనెలో, పాలీయురేథేనో మేలు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకూడదు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరచాలి, లేదా నీళ్లలో నానబెట్టాలి.

తాలిపేరు ఒడ్డున

ఏ బల్ల ఏ అడవిదో చెప్పే ముద్ర దాని మీద ఉండదు. అయితే తెలుగు ప్రాంతాల పాత టేకులో చాలా భాగం గోదావరి పరీవాహక అడవులదే. పైనుంచి నదిలో తేలుతూ వచ్చిన దుంగలు రాజమండ్రి చేరేవి. ఆ అడవుల్లో దక్షిణ బస్తర్‌ ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకులోని బాసగూడ ఆ ప్రాంతంలోదే. ఊరి పక్కన పారే తాలిపేరు నది సరిహద్దు దాటి చర్ల దగ్గరి ప్రాజెక్టుకు నీళ్లిచ్చి గోదావరిలో కలుస్తుంది. గోండి, దొర్లి, హల్బీలతో పాటు తెలుగు కూడా వినిపించే ఈ ఊరు ఒకప్పుడు అటవీ ఉత్పత్తుల అంగడిగా పేరున్నది. 2005-06లో సల్వాజుడుం హింసలో బాసగూడ, చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎన్నో కుటుంబాలు నాటి ఖమ్మం జిల్లాకు వలస వచ్చాయి. కొందరు 2009 ప్రాంతంలో తిరిగి వెళ్లి మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు.

బస్తర్‌లో కలప పేచీ అంతకు చాలా పాతది. అడవుల్లో అధిక భాగాన్ని రిజర్వు చేయాలన్న 1905 నాటి వలస ప్రభుత్వ ప్రతిపాదన, 1910 భూమ్‌కాల్ తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. స్వతంత్ర భారతంలో ఆదివాసీ రైతుకు సొంత పొలంలోని చెట్టు మీద హక్కు వచ్చింది. దాన్ని మాలిక్ మక్బూజా అన్నారు. రైతు మోసపోకుండా చెట్టు అమ్మాలంటే కలెక్టర్ అనుమతి ఉండాలని 1956లో మధ్యప్రదేశ్ చట్టం చేసింది. కాపలాగా పెట్టిన ఆ అనుమతే 1990లలో దళారులకు తాళంచెవి అయింది. చెట్టునో, చెట్టున్న పొలాన్నో రైతు నుంచి కారుచౌకగా కొనడం, అధికారులతో కుమ్మక్కై అనుమతులు పుట్టించడం, డిపోలో అసలు ధరకు అమ్ముకోవడం. ప్రభుత్వ అడవిలోని చెట్లు కూడా పట్టా పొలంలోవిగా నమోదై నరికివేతకు గురయ్యాయి. లోకాయుక్త విచారించింది, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది, సీబీఐ దర్యాప్తు చేసింది. నగరంలో ఎవరింట్లోనో మంచమై, బల్లై నిలిచిన కలపకు పొలం యజమాని అందుకున్నది అసలు విలువలో పిసరంత.

లక్క కథ వేరు. కుసుమ్, మోదుగ, రేగు కొమ్మల మీద బతికే చిన్న పురుగు స్రవించే పదార్థమిది. కుసుమ్ చెట్టు మీది కుసుమీ రకానికి రంగు తక్కువ, ధర ఎక్కువ. మిగతా చెట్ల మీద పండేది రంగీని. దేశంలో లక్క ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో జార్ఖండ్‌, ఛత్తీస్‌గఢ్‌ ముందుంటాయి. బస్తర్ అడవుల్లోనూ దీన్ని సేకరిస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో తేనె, తునికాకులతో పాటు లక్కను కూడా పేరు పెట్టి చేర్చింది. వాటిపై యాజమాన్య హక్కు అడవిలో బతికేవారిదే. 2013-14లో కేంద్రం మొదలుపెట్టిన మద్దతు ధర పథకంలోనూ లక్క ఉంది. ఆ జాబితాలో కలపకు మాత్రం చోటు లేదు.

అంటే ఒకే బల్ల మీద రెండు రకాల చట్టం కనిపిస్తుంది. పైనున్న మెరుపు చట్టప్రకారం అడవి మనుషులది. దాని కిందున్న కర్ర వాళ్లది కాదు.

కొత్తదైతే ఎక్కడిది?

పాత బల్ల విలువ ఇక్కడే తేలుతుంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, కేంద్రం ఆమోదించిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు కొట్టడం దేశమంతటా ఆగింది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. అప్పటి నుంచి ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు మన అంగళ్లలో మరింతగా చోటు సంపాదించింది. లేత వయసులో కొట్టిన తోట చెట్టులో చేవ తక్కువ, తెల్ల కర్ర ఎక్కువ. నిదానంగా పెరిగిన అడవి టేకు కావాలంటే నిజాయితీగా దొరికే చోటు ఎప్పుడో కోసేసిన కలపే. పాత బల్లలు, కూల్చిన ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు అలాంటివే.

కాకపోతే ‘పాత కలప’ అన్న మాటకు గిరాకీ పెరిగేకొద్దీ ఆ పేరుతో కొత్త కలప కూడా వస్తుంది. పాత మేకుల రంధ్రాలు, అడుగున నల్లబడ్డ ముఖం, చేతి చిత్రిక వదిలిన ఎగుడుదిగుళ్లు అసలు పాతదనానికి గుర్తులు. పైన గీతలు పెట్టి, రంగు పులిమి పాతబరచిన బల్లను తిరగేస్తే అడుగున కొత్త రంపపు గీతలు పలకరిస్తాయి. అమ్మేవారిని కలప ఎక్కడిదని అడగడం, రసీదు తీసుకోవడం కొనేవారికి పెద్ద శ్రమ కాదు.

సిరా మరకల్ని పూర్తిగా తీసేయాలనుకునేవారు లోతుగా గోకి పలకను పల్చన చేసుకుంటారు. లేత మరక ఒకటి రెండు మిగిలినా నష్టం లేదు, ఫామ్‌హౌస్ తరహాకు అది అందమే. తెల్ల రంగు మాత్రం కాళ్ల దగ్గరే ఆగిపోవాలి. ఓ టేకు చెట్టుకు ఇంత చేవ పట్టడానికి దశాబ్దాలు పట్టింది. దాన్ని కోల్పోయినవారికి దక్కింది మరీ తక్కువ. ఆ చారల్ని రంగు కింద దాచేయకుండా, మరో యాభై ఏళ్లు వాడుకునేలా బిగించుకోవడం దానికివ్వగల కనీస మర్యాద.