పాములు తీసేసిన వైకుంఠపాళి

"ఇంకొక్క వంతు ఆడి వచ్చేస్తానమ్మా" అని పిల్లవాడు మేడమీదనుంచి కేకేస్తాడు. గంటయినా దిగి రాడు. పప్పు మళ్ళీ వెచ్చబెట్టాలి. ఈ 'ఇంకొక్క వంతు' అన్న మాట 1991 లో వెలువడిన సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటకు మారుపేరయి కూర్చుంది. ఆ ఆటను రూపొందించిన సిడ్ మైయర్ గురించి మన తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిది.

1954 లో కెనడాలోని సార్నియాలో, డచ్చి, స్విస్సు మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. మిషిగన్‌లో పెరిగి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే కంప్యూటర్ సైన్సు చదివి, దుకాణాలలో డబ్బు లెక్కగట్టే యంత్రాల పనిమీద జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీలో చేరాడు. ఇంతవరకు మనలో సగంమంది కథ ఇదే గదా! 1982 లో కంపెనీ సమావేశానికి లాస్ వేగాస్ వెళ్ళినప్పుడు, వైమానిక దళంలో పైలటుగా పనిచేసిన బిల్ స్టీలీ అనే సహోద్యోగితో విమానాల ఆట ఆడి ఓడించాడు. పైలటును నువ్వెలా ఓడించావయ్యా అంటే, యంత్రం ఏ వరసలో కదులుతోందో కనిపెట్టాననీ, ఇంతకంటె మంచి ఆట తానే రాయగలననీ అన్నాడట. ఇద్దరూ కలిసి మేరీలాండులో మైక్రోప్రోజ్ పెట్టారు. మొదట విమానాల ఆటలు, 1987 లో పైరేట్స్, 1990 లో రైల్‌రోడ్ టైకూన్, మరుసటి సంవత్సరం బ్రూస్ షెల్లీతో కలిసి సివిలైజేషన్. 1996 లో ఫిరాక్సిస్ అనే మరో సంస్థకు భాగస్వామి అయ్యాడు.

ఆట అంటే మైయర్ చెప్పే నిర్వచనం ప్రసిద్ధం: ఆసక్తి కలిగించే నిర్ణయాల వరుస. క్రీ.పూ. 4000 లో ఒక చిన్న గుంపుతో మొదలుపెడతారు. ఊరెక్కడ కట్టాలి? ముందు కుండలు చేయడం నేర్చుకోవాలా, కంచు పోతపోయడమా? ఏ నిర్ణయానికైనా ఒక లాభం, ఒక నష్టం ఉండాలి. ఎప్పుడూ ఒకటే సరైనదైతే అది నిర్ణయమే కాదంటాడు.

ఈ లెక్కన మన వైకుంఠపాళి ఆటే కాదు! గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్ళు. శివరాత్రి జాగారాలలో తెల్లవార్లూ ఆడాం. ఒక్క నిర్ణయమైనా తీసుకున్నామా? పైవరసదాకా వెళ్ళి పెద్దపాము నోట పడి, మళ్ళీ అడుగునుంచి మొదలుపెట్టేవాళ్ళం. అలిగినవాళ్ళూ ఉన్నారు, కాని పాము అన్యాయం చేసిందని ఎవరూ అనలేదు.

మైయర్‌కూ మొదట పాములు పెట్టాలనే ఉండేది. సామ్రాజ్యం పెరగాలి, పతనం కావాలి, ఆ బూడిదలోంచి తిరిగి లేవాలి. చరిత్రంతా అదే గదా అనుకున్నాడు. కాని చెడ్డరోజు రాగానే ఆడేవాళ్ళు ఆట ఆపేసి, దాచుకున్న పాత ఆటను తెరిచి అక్కడినుంచి ఆడేవారు. పతనాన్ని ఎవరూ భరించలేదు. ఆయన దాన్ని వదిలేసి, ఎదుగుదల మాత్రం ఉంచాడు.

2008 నాటి సివిలైజేషన్ రెవల్యూషన్‌లో ఇంకా చిత్రం. మూడు పాళ్ళ బలం తమది, ఒక పాలు శత్రువుది. లెక్క ప్రకారం నాలుగుసార్లకొకసారి ఓడాలి. ఓడినప్పుడల్లా యంత్రం మోసం చేస్తోందని గోలపెట్టారు. తమది ఒకటి, శత్రువుది మూడు అయినప్పుడు గెలిస్తే మాత్రం కిమ్మనలేదు! చివరికి లెక్కలనే ఆడేవాళ్ళ మనసుకు అనుకూలంగా సవరించవలసి వచ్చింది. 2010 లో ఆటల రూపకర్తల సభలో మైయరే ఈ సంగతులు నవ్వుతూ చెప్పాడు. వ్యాపారానికిది తెలివైన పనే. కాని పరీక్షలో సి వస్తే టీచరుదే తప్పనే పిల్లలను చూస్తుంటే నాకంత నవ్వు రాదు.

గాంధీగారి మాట కూడా చెప్పాలి. మొదటి ఆటలో భారతదేశ నాయకుడు ఆయనే. ఒక లెక్క తలకిందులవడంవల్ల గాంధీ అణుబాంబులు వేసేవాడని పెద్ద కథ ప్రచారంలో ఉంది. అలాంటి పొరపాటేదీ లేదని మైయర్ 2020 లో తన ఆత్మకథలో రాశాడు. 2010 లో వచ్చిన అయిదో సివిలైజేషన్‌లో మాత్రం జాన్ షేఫర్ అనే రూపకర్త కావాలనే, హాస్యానికి, గాంధీ అణ్వస్త్రాల మోజును పదికి పన్నెండు చేశాడు. పిల్లలతో తాతముత్తాతల చరిత్ర మాట్లాడడానికి ఇంతకంటె మంచి సందు దొరకదు.

మైయర్ నిర్వచనానికి అక్షరాలా సరిపోయే ఆట మన దగ్గర మరొకటుంది: పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు, గవ్వలతో పనిలేదు. డ్రైవ్‌వే మీద సుద్దముక్కతో గీసుకోవచ్చు. అందులో దాచుకున్న పాత ఆట తెరవడం కుదరదు.