సగం దారి ఊరు: దొనకొండ రైల్వే కథ

మాది కురిచేడు. కాలేజీలో ఎవరైనా ఊరు అడిగితే ఆ పేరు చెప్తాను, వాళ్ళకి తెలీదు. "దొనకొండ పక్కన" అంటే మాత్రం, "రాజధాని చేస్తారన్నారే, అదా?" అంటారు. అదే. గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్ళే రైలు లైన్ మీద మా ఊరు, ఆ తర్వాత పొట్లపాడు, ఆ తర్వాత దొనకొండ. అయితే మా వైపు పెద్దవాళ్ళకి దొనకొండ అంటే రాజధాని కాదు, రైల్వే. లోకో షెడ్, క్వార్టర్స్, ఖాకీ బట్టలు, ఒకటో తారీఖు జీతాలు. చుట్టుపక్కల అంతా వర్షం మీద బతికే మెట్ట పల్లెలు, మధ్యలో ఈ ఒక్క ఊళ్ళో మాత్రం నెల నెలా జీతం. అంత పేరున్న రైల్వే ఊరు ఎందుకు చల్లబడింది? ఈ ప్రశ్నకి జవాబు వెతికితే, అసలు ఆ ఊరికి రైల్వే వైభవం ఎందుకొచ్చిందో ముందు అర్థం చేసుకోవాల్సి వచ్చింది. నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

కరువు తెచ్చిన రైలు

1876-78 మధ్య దక్షిణ భారతదేశంలో ఘోరమైన కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మన వాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. లక్షల మంది చనిపోయారు. తిండి గింజలు వేరే చోట ఉన్నా, అవి ఆకలి ఉన్న చోటికి చేరలేదు. అప్పట్లో రవాణా అంటే ఎద్దుల బండి. కరువులో గడ్డి లేక ఎద్దులే చచ్చిపోతే బండి ఎలా కదులుతుంది?

ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఫామిన్ కమిషన్ 1880లో రిపోర్ట్ ఇచ్చింది. కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు వేయాలన్నది దాని సిఫారసుల్లో ముఖ్యమైంది. ఆ ఆలోచనలోంచి వచ్చిన లైన్లలో మాది ఒకటి. బళ్ళారి వైపు నుంచి కృష్ణా నది దాకా, ఎండిన నేలల మీదుగా, నల్లమల అడవిని దాటించి వేశారు. ఖర్చు తగ్గాలని మీటర్ గేజ్ పెట్టారు. అంటే రెండు పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. ఇప్పటి బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 1882లో ఏర్పడ్డ సదరన్ మహరాట్టా రైల్వే కంపెనీ ఈ మార్గాన్ని నడిపింది. 1890 నాటికి బెజవాడ నుంచి గోవాలోని మార్మగోవా రేవు దాకా ఒకే మీటర్ గేజ్ దారి సిద్ధమైంది. బంగాళాఖాతం పక్క నుంచి అరేబియా సముద్రం దాకా పోయే దారి మా ఊరి మీదుగా వెళ్ళిందన్నమాట!

ఇంజిన్‌కి దాహం వేస్తుంది

సరే, లైన్ మీద చాలా ఊళ్ళున్నాయి. షెడ్ దొనకొండకే ఎందుకు? మ్యాప్ చూస్తే తెలుస్తుంది. గుంటూరు నుంచి నంద్యాల సుమారు 250 కిలోమీటర్లు. దొనకొండ దాదాపు మధ్యలో ఉంది.

మా వీధిలో ఒక తాత ఉన్నాడు. రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యాడు. ఆయన్ని "తాతా, ఇంజిన్ ఎందుకు మార్చేవాళ్ళు?" అని అడిగితే నవ్వి, "ఇంజిన్ కూడా గొడ్డు లాంటిదే నాయనా. తాగాల, తినాల, కాసేపు పడుకోవాల" అన్నాడు. నాకు ఇంతకంటే మంచి వివరణ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆవిరి ఇంజిన్ పని చేయాలంటే బాయిలర్‌లో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. ఆ నీళ్ళు ఆవిరై, పిస్టన్లను తోసి, పొగ గొట్టంలోంచి బయటికి పోతాయి. మళ్ళీ వెనక్కి రావు. కాబట్టి దారిలో ఆగి ఆగి వేల లీటర్లు నింపుకోవాలి. బొగ్గు ఎత్తాలి. కాలిన బూడిద తీసేయాలి. చక్రాలకి నూనె పెట్టాలి. వేడి ముందు నిలబడి పార పట్టి బొగ్గు వేసే మనిషి కొన్ని గంటల తర్వాత ఇక వేయలేడు, అతన్నీ మార్చాలి. అందుకే ఇంజిన్ ఒక రోజులో ఎంత దూరం లాగగలదో లెక్క కట్టి, అక్కడ షెడ్ పెట్టేవాళ్ళు.

షెడ్ అంటే ఒక్క రేకుల కప్పు కాదు. ఫిట్టర్లు, బాయిలర్ పని వాళ్ళు, బొగ్గు మోసే కూలీలు, డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు కావాలి. వాళ్ళుండటానికి క్వార్టర్స్, వేరే ఊరి నుంచి డ్యూటీ మీద వచ్చిన వాళ్ళు పడుకోవడానికి రన్నింగ్ రూమ్ కావాలి. వీళ్ళందరికీ పాలు, కూరగాయలు అమ్మేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, టీ బంకులు. ఇంజిన్ దాహం మీద ఒక ఊరు మొత్తం బతుకుతుంది.

బంతి ఉంటేనే బండి

ఇక్కడ మన సీఎస్ఈ వాళ్ళ కోసం ఒక పేరా. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో మ్యూటెక్స్, సెమాఫోర్ చదువుతాం కదా. సెమాఫోర్ అన్న పేరు రైల్వే సిగ్నల్ నుంచి వచ్చిందే. చెయ్యి చాపినట్టు స్తంభానికి ఉండే పాత సిగ్నల్‌ని అలా అంటారు. 1960లలో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఆ పేరుని కంప్యూటర్లలోకి తెచ్చాడు.

మా లైన్ ఒకే ట్రాక్. రెండు స్టేషన్ల మధ్య రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తే ప్రమాదమే. దీనికి వాడిన పద్ధతుల్లో ఒకటి బాల్ టోకెన్. రెండు స్టేషన్లలోనూ వైరుతో కలిపిన ఒక్కో మిషన్ ఉంటుంది. ఇద్దరు స్టేషన్ మాస్టర్లూ ఒప్పుకుంటేనే అందులోంచి ఒక ఇనప బంతి బయటికి వస్తుంది. ఒకటి బయట ఉండగా రెండోది రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తం రింగుకి కట్టి, కదిలే బండిలోని డ్రైవర్‌కి అందిస్తారు. బంతి చేతిలో ఉంటేనే బండి ముందుకి. అవతలి స్టేషన్‌లో బంతి ఇచ్చేస్తే ఆ ముక్క ట్రాక్ మళ్ళీ ఖాళీ. లాక్ తీసుకోవడం, క్రిటికల్ సెక్షన్‌లోకి వెళ్ళడం, లాక్ వదలడం, అంతే. మనం క్లాసులో బోర్డు మీద నేర్చుకునేదాన్ని చిన్న చిన్న స్టేషన్లలో పని చేసే మనుషులు ఎండలో, వానలో, అర్ధరాత్రి లాంతరు పట్టుకుని చేశారు.

ప్రపంచంలో మిగతా సగం దారి ఊళ్ళు

సగం దారిలో ఊరు పుట్టడం మా ఒక్కరి కథ కాదు. రష్యాలో మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ మధ్య 1851లో రైలు మార్గం తెరిచారు. సుమారు 650 కిలోమీటర్లు. దాని నడిమధ్యలో సరస్సు పక్కన బొలొగొయె అనే చిన్న ఊరుంది. స్టేషన్, డిపో వచ్చాక అక్కడ బతుకంతా రైల్వే చుట్టూ తిరిగింది. 1917లో దానికి పట్టణ హోదా వచ్చింది.

మన దగ్గర నెల్లూరు జిల్లాలో బిట్రగుంట. విజయవాడ, చెన్నై మధ్య దూరం 431 కిలోమీటర్లయితే బిట్రగుంట ఇంచుమించు సరిగ్గా మధ్యలో ఉంటుంది. అందుకే అక్కడ పెద్ద ఆవిరి ఇంజిన్ల షెడ్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలతో రైల్వే కాలనీ వచ్చాయి. 1980 ప్రాంతంలో కరెంటు ఇంజిన్లు వచ్చాక షెడ్ అవసరం తీరిపోయింది.

ఈ మూడు ఊళ్ళలో బొలొగొయెకి ఒక తేడా ఉంది. అక్కడికి తర్వాత రిబిన్‌స్క్, ప్స్కోవ్, పోలోత్స్క్ వైపు నుంచి కూడా లైన్లు వచ్చి కలిశాయి. అది జంక్షన్ అయింది. ఆవిరి పోయినా, దారులు కలిసే చోటుకి ఎంతో కొంత పని ఉంటుంది. సోవియట్ కాలం తర్వాత అక్కడా జనాభా తగ్గింది కానీ స్టేషన్‌కి పని పోలేదు. మన గుంతకల్, కాజీపేట నిలబడింది కూడా ఇందుకే. దొనకొండకి ఒకే లైన్. ఇటు నుంచి వచ్చి అటు పోవడమే.

దాహం తీరిన రోజు

డీజిల్ ఇంజిన్‌కి నీళ్ళ స్తంభం అక్కర్లేదు. బొగ్గు వద్దు, బూడిద లేదు. ఎటు వైపైనా నడుస్తుంది కాబట్టి తిప్పాల్సిన పని కూడా తక్కువ. ఆవిరి ఇంజిన్ ఆగిన చోట అది ఆగాల్సిన అవసరం లేదు. 1992లో రైల్వే దేశమంతా ఒకే గేజ్ చేయాలని యూనిగేజ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. ఆ పదేళ్ళలోనే మా గుంటూరు, గుంతకల్ లైన్ కూడా బ్రాడ్ గేజ్ అయింది. పాత మీటర్ గేజ్ ఇంజిన్లు, పెట్టెలు, వాటిని బాగు చేసే షెడ్, అన్నీ ఒకేసారి అక్కర్లేనివి అయిపోయాయి. ఉద్యోగులకి ట్రాన్స్‌ఫర్లు వచ్చాయి. 2003లో గుంటూరు డివిజన్ ఏర్పడ్డాక ఆఫీసు పనులూ అటే.

ఇందులో విలన్ ఎవరూ లేరు. బ్రాడ్ గేజ్ రావడం వల్లే భువనేశ్వర్ నుంచి బెంగళూరు వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మా లైన్ మీద పోతోంది. ఇప్పుడు కరెంటు ఇంజిన్లు వచ్చాయి. 401 కిలోమీటర్ల డబ్లింగ్ 2016-17లో మంజూరైంది. రెండో ట్రాక్ పడిన చోట ఎదురు బండి కోసం క్రాసింగ్‌లో కాచుకోవక్కర్లేదు. ప్రయాణికుడికి ఇదంతా లాభమే. కానీ లైన్ బాగుపడే కొద్దీ బండి ఆగాల్సిన కారణాలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. బండి ఆగడం మీద బతికిన ఊరికి అదే నష్టం.

కారణం మారగలిగిన ఊరు

దొనకొండ నుంచి కొంచెం ముందుకి వెళ్తే మార్కాపురం. అక్కడి పలకల మీద ఒకప్పుడు ఎన్నో చోట్ల పిల్లలు అక్షరాలు దిద్దారు. నోటు పుస్తకాలొచ్చి పలక వాడకం పడిపోయింది. పరిశ్రమ దెబ్బతింది, నిజమే. కానీ అదే రాయిని ఇప్పుడు నేల మీద, గోడల మీద అలంకారానికి పరుస్తున్నారు. రాయికి ఇంకో ఉపయోగం దొరికింది. సగం దారి అన్న స్థానానికి అలా ఇంకో ఉపయోగం దొరకడం కష్టం.

దొనకొండకి ఇప్పుడు మిగిలిన ఆస్తి ఖాళీ భూమి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్ళు వాడిన రన్‌వే ఉంది, చుట్టూ ప్రభుత్వ భూములున్నాయి. అందుకే 2014లో రాజధాని పేరు, ఆ తర్వాత పరిశ్రమల పేరు, ఎయిర్‌పోర్ట్ పేరు దాని చుట్టూ తిరుగుతూ ఉన్నాయి. ఈలోగా 309 కిలోమీటర్ల నడికుడి, శ్రీకాళహస్తి కొత్త లైన్ వస్తోంది. అది మా లైన్ నుంచి గుండ్లకమ్మ స్టేషన్ దగ్గర విడిపోయి దర్శి వైపు వెళ్తుంది. అంటే జంక్షన్ అయ్యే అవకాశం దొనకొండకి కాదు, మా కురిచేడుకి ముందున్న చిన్న స్టేషన్‌కి వచ్చింది.

నేను మా ఊరి గురించి సంతోషించాలా అంటే, కొంచెం ఆగి ఆలోచిస్తున్నాను. ఒక ఊరికి పని పైనుంచి వస్తే, పైనుంచే పోతుంది కూడా. దొనకొండలో షెడ్ పెట్టాలని ఊరి వాళ్ళు అడగలేదు, తీసేసేటప్పుడూ వాళ్ళని అడగలేదు. రేపు గుండ్లకమ్మలో నాలుగు బళ్ళు ఎక్కువ ఆగితే మంచిదే. ఆ బళ్ళలోకి ఎక్కించడానికి మన దగ్గర ఏముంది? మిర్చి, కంది, పత్తి పండించే నేలలు ఉన్నాయి, మార్కాపురం రాయి ఉంది, చదువుకుని బయటికి పోతున్న నాలాంటి వాళ్ళు ఉన్నారు. మొదటి రెండూ అమ్మి డబ్బు తెస్తాయి. మూడోది మాత్రం ఇప్పటికి వన్ వే టికెట్టే. సగం దారి ఊళ్ళ తర్వాతి చాప్టర్ ఈ లెక్క ఎలా తేలుతుందన్న దాని మీదే ఉంటుందని నాకు అనిపిస్తోంది.