పశువుల కొట్టంలో పుట్టిన కవి

భోజనాలు జరుగుతున్నాయి. అంతా సరదాగా ఉన్నారు. హార్ప్ అనే తీగల వాద్యం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతోంది. అది ఎవరి దగ్గరికొస్తే వాళ్లు ఓ పాట పాడాలి... అక్కడి ఆనవాయితీ అది. వాద్యం తన వైపే వస్తోందని చూశాడు ఆ పశువుల కాపరి. వయసు మళ్లింది కానీ ఒక్క పాటా రాదు. విందు మధ్యలోనే లేచి బయటికి నడిచాడు. అలా వెళ్లిపోవడం అతనికి కొత్తేం కాదు. ప్రతి విందులోనూ అదే తంతు!

అలా సిగ్గుతో తప్పించుకున్న మనిషే ఇంగ్లిషు సాహిత్యంలో పేరు తెలిసిన తొలి కవి. అతని పేరు కాడ్మన్.

'నాకు పాట రాదు'

ఇది దాదాపు 1350 ఏళ్ల కిందటి మాట. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, ఇప్పుడు విట్బీ అని పిలిచే ఊళ్లో సముద్రానికి ఎదురుగా కొండమీద ఓ క్రైస్తవ మఠం ఉండేది. 657లో దాన్ని స్థాపించింది ఒక మహిళ. రాజవంశంలో పుట్టిన ఆమె పేరు హిల్డ్. సన్యాసులూ సన్యాసినులూ కూడా ఆమె ఆధ్వర్యంలోనే ఉండేవారు. రాజులు సైతం సలహా కోసం వచ్చేవారు. తెలిసినవాళ్లంతా ఆమెను 'అమ్మా' అనే పిలిచేవారట.

ఆ రాత్రి పశువులకు కాపలా ఉండే వంతు కాడ్మన్‌ది. విందు నుంచి నేరుగా కొట్టానికి వెళ్లి పడుకున్నాడు. కలలో ఎవరో వచ్చి పేరుపెట్టి పిలిచారు. 'నాకో పాట పాడు' అన్నారు. 'నాకు పాట రాదు. అందుకేగా లేచి వచ్చేసింది' అన్నాడు కాడ్మన్. 'అయినా పాడాల్సిందే' అన్నాడా వ్యక్తి. 'ఏం పాడను?' అంటే 'సృష్టి ఎలా మొదలైందో పాడు' అన్నాడు. అంతే... తానెన్నడూ విననివి, సృష్టికర్తను కీర్తించే చరణాలు కాడ్మన్ నోటి వెంట వచ్చాయి. తెల్లారి లేచాకా అవన్నీ గుర్తున్నాయి. వాటికి మరికొన్ని జోడించాడు కూడా.

పండితుల పరీక్ష

పొద్దున్నే తన పై అధికారికి సంగతి చెప్పాడు. ఆయన హిల్డ్ దగ్గరికి తీసుకెళ్లాడు. గొడ్లు కాసేవాడికి కలలో కవిత్వమేంటని ఆమె కొట్టిపారేయలేదు. పండితులను పిలిపించి, వాళ్ల ముందు పాడమంది. వాళ్లు బైబిల్‌లోని ఓ ఘట్టం వివరించి, 'దీన్ని పాటగా కట్టుకురా' అన్నారు. మర్నాటి ఉదయానికల్లా కట్టుకొచ్చాడు.

కొట్టం వదిలి మఠంలో చేరమంది హిల్డ్. కాడ్మన్‌కి చదువు లేదు. అందుకే పండితులే పవిత్ర గాథలన్నీ వినిపించేవారు. ఆవు నెమరేసినట్టు వాటిని మనసులో నెమరేసుకుని, తీయని పాటలుగా వినిపించేవాడు కాడ్మన్. చివరికి పాఠం చెప్పిన గురువులే శిష్యుడి ఎదుట కూర్చుని రాసుకునేవారు!

ఇంతకీ ఇందులో గొప్పేముంది? అప్పట్లో చర్చి భాష లాటిన్. రోమ్ నుంచి వచ్చిన అగస్టీన్ 597లో ఇంగ్లండ్‌లో ప్రచారం మొదలుపెట్టి అప్పటికి వందేళ్లు కూడా కాలేదు. లాటిన్ చదివినవారు మఠాల్లో కొద్దిమందే. ఇక మామూలు జనానికి తెలిసినవి వీరుల కథలూ, విందుల్లో పాడుకునే పాటలూ. ఆ పాటలకో నియమం ఉంది. ప్రతి పాదం రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్కలోని ముఖ్య పదాల తొలి ధ్వని, రెండో ముక్కలోనూ పలకాలి. మన పద్యాల్లోని యతి గుర్తొస్తుంది కదూ! ఆ పాత బాణీలోనే కొత్త మతం కథలను వినిపించాడు కాడ్మన్. లాటిన్ రాని రైతుకీ, కూలికీ అవి సొంత భాషలో అందాయి.

అంచున మిగిలింది

ఈ కథంతా మనకు తెలిసింది బీడ్ అనే సన్యాసి వల్ల. ఆయన 731లో పూర్తిచేసిన ఇంగ్లండ్ చర్చి చరిత్రలో కాడ్మన్‌కి ఓ అధ్యాయమే కేటాయించాడు. అయితే ఆ పుస్తకం లాటిన్‌లో రాశాడు. కాడ్మన్ తొలి పాట భావాన్ని మాత్రం చెప్పి, ఏ భాష కవిత్వాన్నయినా మాటకు మాట మార్చితే అందం పోతుందని ఒప్పుకున్నాడు.

మరి అసలు పాట? దాన్ని కాపాడింది ప్రతులు రాసుకున్న లేఖకులు. బీడ్ పుస్తకానికి ఎనిమిదో శతాబ్దం నాటి ప్రతి ఒకటి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అందులో లాటిన్ పాఠం కింద, పేజీ అడుగున ఖాళీ జాగాలో ఈ పాట పాత ఇంగ్లిషులో కనిపిస్తుంది. అదే శతాబ్దానికి చెందిన కేంబ్రిడ్జి ప్రతిలో అది చివరి పేజీలో ఉంది. మొత్తం తొమ్మిది పాదాలే. కాడ్మన్‌దని గట్టిగా చెప్పగలిగే కవిత్వం మిగిలింది అంతే. బైబిల్ కథలతో ఉన్న ఓ పాత రాతప్రతి కూడా అతనిదేనని చాలాకాలం నమ్మారు. 1655లో ఫ్రాన్సిస్కస్ జూనియస్ అనే పండితుడు దాన్ని అచ్చు వేయించాడు. అది కాడ్మన్ రచన కాదని ఇప్పటి పండితుల అభిప్రాయం.

చివరి రాత్రి

కాడ్మన్ రెండు వారాలు జబ్బుపడ్డాడు. అయినా లేచి తిరుగుతూనే ఉన్నాడు. ఓ సాయంత్రం, అవసాన దశలో ఉన్నవారిని ఉంచే గదిలో తనకు పక్క వేయమన్నాడు. ఇంత హుషారుగా ఉన్నవాడికి అక్కడేం పనని అంతా ఆశ్చర్యపోయారు. అక్కడివాళ్లతో నవ్వుతూ కబుర్లు చెప్పాడు. అర్ధరాత్రి దాటాక ప్రసాదం అడిగి తీసుకుని, 'నా మీద మీకెవరికీ కోపం లేదు కదా' అన్నాడు. లేదన్నారు వాళ్లు. తనకీ ఎవరిమీదా లేదన్నాడు. వేకువ ప్రార్థనకు ఎంతసేపుందో కనుక్కుని, తల వాల్చి నిద్రపోయాడు. మళ్లీ లేవలేదు.

ఆనాటి మఠం ఇప్పుడు లేదు. విట్బీ కొండమీద కనిపించే శిథిలాలు ఆ తర్వాతి కాలంలో కట్టిన చర్చివి. దగ్గర్లోనే, 1898లో కాడ్మన్ పేరిట నిలబెట్టిన రాతి శిలువ ఉంది. విందులో తన వంతు రాకముందే లేచిపోయిన ఆ కాపరి, ఇంగ్లిషు కవుల చరిత్రలో మాత్రం మొదటి వరసలో కూర్చున్నాడు.