అక్షరాజ్ఞలు - వాయుప్రవాహ నియంత్రణ

ప్రవాహాన్ని అదుపులో ఉంచడం మానవునికి అనాదిగా తెలిసిన విద్య. చెరువు తూము వద్ద నిలిచి, పొలాల అవసరాన్ని బట్టి నీటిని హెచ్చించి తగ్గించే నీరుగంటి ఆ విద్యలో నిపుణుడు. పెద్దలు నోటిమాటగా ఆజ్ఞ ఇస్తే, అతడు దానిని నెరవేర్చి, తిరిగివచ్చి విన్నవించేవాడు. నేటి కర్మాగారాలలో, ప్రయోగశాలలలో వాయువుల విషయంలో ఇదే పనిని అరచేతిలో ఇమిడేంత పరికరం చేస్తున్నది. దానికి ఆజ్ఞలు దూరాన ఉన్న కంప్యూటర్ నుండి అక్షరాల రూపంలో అందుతాయి.

ఈ పరికరాన్ని ద్రవ్యరాశి ప్రవాహ నియంత్రకం అంటారు. మాస్ ఫ్లో కంట్రోలర్ అనేది దీని వాడుక పేరు. ప్రవాహాన్ని కొలిచే సెన్సార్, దానిని తగ్గించి పెంచే వాల్వు, ఆ రెండింటినీ సమన్వయపరచే ఎలక్ట్రానిక్ వలయం - ఈ మూడూ ఇందులోని ముఖ్యభాగాలు. వాయువు ఘనపరిమాణం ఉష్ణోగ్రతతో, పీడనంతో మారుతుంది, ద్రవ్యరాశి మారదు. కావున ఎంత ద్రవ్యరాశి ప్రవహించినదో తెలుసుకోవడమే నమ్మదగిన పద్ధతి. ఎక్కువ పరికరాలలో ఒక సన్నని గొట్టాన్ని వేడిచేస్తారు. ప్రవహించే వాయువు ఆ వేడిని ముందుకు తీసుకొనిపోతుంది. గొట్టం ఎగువ, దిగువ భాగాల మధ్య ఏర్పడే ఉష్ణోగ్రతా భేదమే ప్రవాహానికి కొలమానం. సిలికాన్ చిప్‌ల తయారీలోను, సూక్ష్మజీవులను పెంచే పాత్రలకు గాలిని అందించడంలోను ఈ పరికరాలు ఎంతో అవసరం.

యంత్రానికి అక్షరం ఎలా అర్థమవుతుంది? 1963లో వెలువడిన ఆస్కీ అనే సంకేత పద్ధతిలో ప్రతి ఆంగ్లాక్షరానికి ఒక సంఖ్య ఉంటుంది. పెద్ద అక్షరం ‘ఎ’కు 65, ‘బి’కి 66. ఆజ్ఞ ముగిసినదని తెలపడానికి చివర 13 అనే సంకేతాన్ని చేర్చడం పలు పరికరాలలో పరిపాటి. ఒక తరహా పరికరాలలో ‘ఎ’ అని మాత్రమే పంపితే, ఆ చిరునామా గల పరికరం తన పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహం మొదలైన వివరాలను వరుసగా తెలుపుతుంది. ‘ఎ’ తరువాత ‘ఎస్’, ఆపైన 5 చేర్చి పంపితే, లీటర్లలో కొలిచే పరికరం నిమిషానికి 5 లీటర్ల ప్రవాహాన్ని నిలుపుతుంది. ఆజ్ఞల రూపం తయారీదారును బట్టి మారుతుంది. కనుక పరికరంతో వచ్చే కరదీపికను ముందుగా చదవాలి.

పరికరాన్ని సిద్ధపరచడంలో ఒక క్రమం ఉన్నది. మొదట ప్రవాహాన్ని సున్నా వద్ద ఉంచాలి. పిదప ఒకే తీగపై ఉన్న ప్రతి పరికరానికి వేర్వేరు చిరునామా ఇవ్వాలి. రెండింటికి ఒకే చిరునామా ఉంటే రెండూ ఒకేసారి బదులు పలికి, ఏ మాటా అర్థం కాదు. తరువాత వాయువు పేరును, కొలత ప్రమాణాన్ని నిర్ణయించాలి. ఇక్కడ పొరపాటు జరిగితే నష్టం కంటికి కనిపించదు. నత్రజనికి సరిచూసిన ఉష్ణ పరికరం గుండా కార్బన్ డయాక్సైడ్‌ను పంపితే, పరికరం 100 అని చూపినప్పుడు నిజమైన ప్రవాహం దాదాపు 70 మాత్రమే. చివరగా ప్రవాహాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారి పరికరం ఇచ్చిన సమాధానాన్ని సరిచూడాలి.

నెట్‌వర్క్‌తో సౌకర్యంతోపాటు అపాయమూ వచ్చింది. టెల్‌నెట్ వంటి పాత పద్ధతులలో అక్షరాలు రహస్య సంకేతాలుగా మారకుండానే ప్రయాణిస్తాయి. పోస్టుకార్డుపై రాసిన మాట వలె, దారిలో ఉన్నవారెవరైనా వాటిని చదవవచ్చు. సంకేతపదం లేని పరికరం ఆజ్ఞ ఎవరిదని విచారించదు; శత్రువు పంపినా శిరసావహిస్తుంది. అందుచేత ఇట్టి పరికరాలను ఇంటర్నెట్‌కు అందని ప్రత్యేక నెట్‌వర్క్‌లో ఉంచాలి. తీగ తెగినప్పుడు కొన్ని పరికరాలు చివరి ఆజ్ఞనే పాటిస్తూ ఉంటాయి. అప్పుడు విషవాయువు ఆగకుండా ప్రవహించవచ్చు. కనుక సంబంధం తెగగానే ప్రవాహం ఆగే ఏర్పాటు, దానికి తోడు చేతితో మూయగల వేరొక వాల్వు తప్పనిసరి.

రామాయణంలో హనుమంతుడు రాముని ఉంగరాన్ని చూపి సీత నమ్మకాన్ని పొందాడు. చూడామణిని తెచ్చి, పని నెరవేరినదని రామునికి నిరూపించాడు. ఆజ్ఞ ఎవరిదో రుజువు కావాలి. అది నెరవేరినదనడానికీ రుజువు కావాలి. దూత మనిషి అయినా, అక్షరమైనా ఈ నియమం మారదు. ఆజ్ఞను పంపడంతో సగం పనే పూర్తవుతుంది. సమాధానాన్ని చదివి సరిచూసినవాడే పనిని సంపూర్ణంగా నిర్వహించినవాడు.